మేతలో మందు: పేగు సంగతి తేలకముందే మొదలైన కథ

పశువుల దాణాలో యాంటీబయాటిక్‌లు ఉండాలా వద్దా అన్న వాదన లేచినప్పుడల్లా కోడిని, పందిని, ఆవును ఒకే గాటన కట్టేస్తారు. కోడి తిన్న గింజను చాలావరకు తానే అరిగించుకుంటుంది. ఆవుకు గడ్డి అరిగించేది మాత్రం దాని పొట్టలోని సూక్ష్మజీవులే. మందు మేతలోకి వచ్చిన రోజుల్లో ఈ తేడా మీద పెద్దగా ఎవరి దృష్టీ లేదు.

మొదలు అమెరికాలో. లెడర్లీ మందుల సంస్థలో పనిచేస్తున్న థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ వెతుకుతున్నది యాంటీబయాటిక్ కోసం కానే కాదు. మాంసం పొడి, చేప పొడి లేని చవక దాణా మీద కోడిపిల్లలు గిడసబారిపోతాయి. ఆ లోటు పూడ్చే విటమిన్ బి12 కావాలి. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తయారీలో తొట్టెల అడుగున మిగిలే పిప్పిలో అది దొరుకుతుందని దాన్ని దాణాలో కలిపారు. 1948 క్రిస్మస్ రోజున తూకం వేస్తే ఆ పిల్లలు బి12 లెక్కకు మించి పెరిగాయి. ఆ అదనపు బరువు పిప్పిలో అంటుకుని ఉన్న మందు చలవ. 1951 కల్లా పశువైద్యుడి చీటీ అక్కర్లేకుండా మేతలో కలుపుకోవడానికి అనుమతి వచ్చేసింది.

ఎలా పనిచేస్తోందన్నది మాత్రం ఎవరికీ తెలియదు. 1963లో ఒక సంగతి బయటపడింది: సూక్ష్మజీవులే లేకుండా పెంచిన కోడిపిల్లలకు ఈ మందు పెట్టినా అదనపు బరువు రాలేదు. అంటే అది పనిచేసేది కోడి మీద కాదు, దాని పేగులో కాపురముంటున్న జీవుల మీద. అవి తినేసే పోషకాలు కోడికి మిగులుతున్నాయా, లేక పేగు గోడలో వాపు తగ్గి ఆ శక్తి ఒంటికి పడుతోందా అన్నది నేటికీ తెగలేదు.

ఇక ఆవు. దాని పొట్టలో మొదటి పెద్ద గది రూమెన్. అందులో వంద లీటర్లకు పైగా సరుకు ఉంటుంది. ఆక్సిజన్ దాదాపు ఉండదు, వేడి 39 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది. ఒక్క మిల్లీలీటరు ద్రవంలో సుమారు వెయ్యి కోట్ల బ్యాక్టీరియా. గడ్డిలోని సెల్యులోజ్‌ను అవి పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలుగా మారుస్తాయి. ఆ ఆమ్లాలు పొట్ట గోడ గుండా నెత్తురులో కలుస్తాయి. ఆవు శక్తిలో ఎక్కువ భాగం వాటి నుంచే. పని ముగించిన బ్యాక్టీరియా కూడా కిందికి జారి, అరిగి మాంసకృత్తులవుతుంది. ఇలాంటి చోట అన్నిటినీ చంపే మందు నోటి ద్వారా గట్టిగా పోస్తే ఆవు మేత మానేస్తుంది, నెమరు ఆగిపోతుంది. పాలు తాగే లేగదూడ సంగతి వేరు. దాని రూమెన్ ఇంకా తయారు కాలేదు, తాగిన పాలు ఒక గాడి గుండా తిన్నగా నాలుగో గదికే పోతాయి. కాబట్టి ఆ వయసులో మందు కోడిపిల్లలో పనిచేసినట్టే పనిచేస్తుంది. గాలి తగలకుండా రూమెన్ జీవులను పెంచే పద్ధతిని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్ రూపొందించింది 1940ల్లోనే. మేతమందుకు అనుమతి వచ్చేనాటికి ఈ శాస్త్రం పసిది.

పెద్ద పశువుకు సరిపడే మందు 1975లో వచ్చింది: మోనెన్సిన్. కోళ్ల పేగులో పరాన్నజీవుల వల్ల వచ్చే కాక్సిడియోసిస్ జబ్బుకు అప్పటికే వాడుతున్నదే. ఇది రూమెన్‌లో అందరినీ చంపదు, కొన్ని రకాల బ్యాక్టీరియాను అణిచి ప్రొపియోనిక్ ఆమ్లం వాటా పెంచుతుంది. మీథేన్‌గా త్రేన్పుల్లో పోయే శక్తి కొంత తగ్గుతుంది. గింజ దాణా ఎక్కువైనప్పుడు లాక్టిక్ ఆమ్లం పేరుకుని రూమెన్ పులిసిపోయే అసిడోసిస్‌ను కూడా అదుపులో ఉంచుతుంది. (గుర్రం ఇదే దాణాలో మూతి పెడితే ప్రాణం మీదికి వస్తుంది. ఆవుకు మేలు చేసే మోతాదు దాని గుండెకు విషం.)

ఈలోగా నిరోధకత భయం, అంటే బ్యాక్టీరియా మందుకు లొంగకుండా పోతుందన్న భయం, పెరిగింది. 1969లో బ్రిటన్‌లో స్వాన్ కమిటీ, మనుషుల వైద్యంలో వాడే యాంటీబయాటిక్‌లను బరువు కోసం మేతలో వాడొద్దంది. టెట్రాసైక్లిన్ దాణా పెట్టిన కోళ్లలో వారంలోపే మందుకు లొంగని ఇ.కొలై అనే పేగు బ్యాక్టీరియా నిండిపోతుందని, కొన్ని నెలల్లో ఆ ఫారంలోని మనుషుల్లోనూ కనిపిస్తుందని 1976లో అమెరికా శాస్త్రవేత్త స్టువర్ట్ లెవీ బృందం చూపింది. అయినా పూర్తిగా ఆపడానికి మొదట ముందుకొచ్చింది స్వీడన్, అదీ 1986లో.

అక్కడే పేగు సంగతి బయటపడింది. తల్లి పాలు మాన్పించిన పందిపిల్లల్లో పారుడు పెరిగింది. మాన్పించే వయసు, దాణాలో మాంసకృత్తుల వాటా, కొట్టాల కిక్కిరింపు, ఇలా మందు చాటున దాగిన లోపాలన్నీ ఒక్కసారిగా పైకి తేలాయి. చాలాచోట్ల వాటిని దిద్దకుండా జింక్ ఆక్సైడ్‌ను ఎక్కువ మోతాదులో పోశారు. అది మట్టిలో పేరుకుంటోందని ఐరోపా సమాఖ్య 2022లో దాన్నీ ఆపింది. ఒక మందు పోతే ఇంకో మందు, అంతే.

ఐరోపా 2006 జనవరి 1 నుంచి బరువు పెంచే యాంటీబయాటిక్‌లన్నిటినీ నిషేధించింది. వాటిలో మోనెన్సిన్ ఉంది, మనుషుల వైద్యంలో దాన్ని వాడకపోయినా. అమెరికా 2017 నుంచి మనుషులకు ముఖ్యమైన మందులనే బరువు కోసం వాడొద్దంది. అందుకే అక్కడ మోనెన్సిన్ ఇప్పటికీ ఆవుల దాణాలో ఉంది. ఐరోపాలోనూ అది పూర్తిగా పోలేదు. కోళ్లకు కాక్సిడియోసిస్ మందుగా దాణాలోనే కలుస్తోంది. ఈనిన పాడి ఆవుల్లో కీటోసిస్ (శక్తి చాలక ఒంట్లో కొవ్వు కరిగి వచ్చే జబ్బు) రాకుండా రూమెన్‌లో నిలిచి నెమ్మదిగా కరిగే బిళ్లగా 2013లో అనుమతి పొందింది, పశువైద్యుడి చీటీ మీద మాత్రమే. నా లెక్కన ఈ చీటీ పద్ధతే సబబు: పశువు జబ్బుపడే సమయం చూసి ఇచ్చే మందును, ఊరికే బరువు కోసం రోజూ పోసే మందును ఒకటిగా లెక్కించకూడదు.