ఆరోగ్యశ్రీ బకాయిలు: మలుపు 2008లోనే

ఆంధ్రప్రదేశ్‌లో నెట్‌వర్క్ ఆస్పత్రులు, అంటే పథకం కింద వైద్యం చేసే ప్రైవేటు ఆస్పత్రులు, 2025 అక్టోబర్ 10 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ (ఆరోగ్యశ్రీకి అక్కడున్న పేరు) కేసులు తీసుకోబోమన్నాయి. తమకు రావాల్సింది 2,700 కోట్లని వాటి లెక్క. అంతకు నెల ముందు తెలంగాణలోనూ ఇదే తంతు నడిచింది.

వైఎస్ హయాంలో పథకం ఎలా పుట్టిందో అందరికీ తెలుసు. 2007లో మూడు జిల్లాల్లో మొదలైనప్పుడు బిల్లులు కట్టింది స్టార్ హెల్త్ అనే బీమా కంపెనీ అన్న సంగతే చాలామంది మరిచిపోయారు. ప్రభుత్వం ప్రీమియం కట్టేది, ఆస్పత్రులు కంపెనీతో తేల్చుకునేవి. 2008 జూలైలో ఆరోగ్యశ్రీ-2 వచ్చింది. కొత్తగా చేర్చిన చికిత్సలకు, పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టే నేరుగా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. పోనుపోను పథకమంతా అదే దారి పట్టింది. మధ్యలో కంపెనీకి లాభమెందుకన్న వాదనలో తప్పులేదు. కానీ ప్రీమియం స్థానంలోకి ఆపరేషన్ అయ్యాక కట్టే బిల్లు వచ్చింది. ఖజానాలో డబ్బు తక్కువైనప్పుడల్లా ముందు ఆగేది అలాంటి బిల్లులే. జీతాలు, పింఛన్లు ఆపితే రోడ్డెక్కేవాళ్లు ఎక్కువ మరి.

పెద్ద కార్పొరేట్ ఆస్పత్రులకు నగదు కట్టే రోగులుంటారు, ప్రైవేటు బీమా ఉంటుంది. నెట్టుకొస్తాయి. జిల్లా కేంద్రంలో కార్డు కేసుల మీదే నడిచే చిన్న ఆస్పత్రికి ఆ వెసులుబాటు లేదు. స్టెంట్లు, ఇంప్లాంట్లు ఇచ్చే డీలరు నెలల తరబడి అప్పు మీద సరుకు పంపడు. నర్సుల జీతాలు ఒకటో తారీఖుకి పడాల్సిందే.

అనవసర ఆపరేషన్లు జరుగుతున్నాయి, క్లెయిములు వడపోయాలి అన్నది ప్రభుత్వాల మాట. గర్భసంచి ఆపరేషన్ల మీద రేగిన దుమారం తర్వాత కొన్ని చికిత్సలను ప్రభుత్వాస్పత్రులకే పరిమితం చేశారు కూడా.

ఈలోగా 2023 డిసెంబర్‌లో ఒక్కో కుటుంబానికి ఏడాదికి ఇచ్చే చికిత్స పరిమితిని తెలంగాణ 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. పరిమితి పెంచడానికి జీవో చాలు, బిల్లు కట్టడానికే డబ్బు కావాలి.

2025 సెప్టెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ కేబినెట్ మళ్లీ బీమా వైపే మొగ్గింది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన ట్రస్టు చెల్లిస్తాయట. 2007 నాటి ఏర్పాటు సగం తిరిగొచ్చినట్టే. అయితే ఆ ప్రీమియం కట్టాల్సిందీ ఇదే ఖజానా. పైగా బీమా వర్తించేది రేపు చేరే రోగులకు. 2025 అక్టోబర్‌లో ఆస్పత్రులు అడిగింది అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయిన రోగుల బిల్లుల గురించి.