32 బిట్ లైనక్స్‌ను బ్రౌజర్లు ఎలా వదిలేశాయి

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరైనా, విజయనగరం గంటస్తంభం దగ్గరైనా నెట్ సెంటర్‌లోకి అడుగుపెడితే కనిపించేవి ఎక్కువగా విండోస్ పెట్టెలే. లైనక్స్ వేసి నడిపేవి తక్కువ. వైరస్ బెడద ఉండదని, లైసెన్సు ఖర్చు తప్పుతుందని, ఒక జీబీ ర్యామ్‌తోనైనా నెట్టుకురావచ్చని వేసుకున్నవాళ్లవే అవి. ఆ తక్కువలోనూ 32 బిట్ లైనక్స్, అంటే సమాచారాన్ని ఒక్కోసారి 32 బిట్ల చొప్పున నడిపే పాత రకం, మరీ తక్కువ. దానికి మిగిలిన ఆఖరి పెద్ద బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ కూడా ఇప్పుడు చెయ్యి వదిలేసింది. 2025 అక్టోబరులో వచ్చిన 144వ వెర్షనే చివరిది. నవంబరు 11న విడుదలైన 145 నుంచి 32 బిట్ లైనక్స్‌కు ఫైర్‌ఫాక్స్ లేదు. ఎక్కువకాలం మద్దతు ఉండే ఈఎస్‌ఆర్ 140కి మాత్రం కనీసం 2026 సెప్టెంబరు దాకా భద్రతా సవరణలు ఇస్తామని మొజిల్లా చెప్పింది.

ఈ మాట విని పాత సీపీయూను ఇనప సామాన్ల బండికి వేసేద్దాం అనుకునేవాళ్లు కాస్త ఆగాలి. ఆ పెట్టెల్లో చాలావాటి ప్రాసెసర్ 64 బిట్‌దే. 32 బిట్ అన్నది ఒకప్పుడు అందులో వేసిన ఓఎస్. అలా ఎందుకు వేశారో తెలిస్తే ఇప్పుడు ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

ఇంటెల్ 80386 చిప్ 1985లో వచ్చింది. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్స్ రాసింది 386 కంప్యూటర్ మీదే. అలా చూస్తే లైనక్స్‌కు పుట్టిల్లు 32 బిట్టే. 2013 ఫిబ్రవరిలో వచ్చిన 3.8 కెర్నెల్‌తో (కెర్నెల్ అంటే ఓఎస్ గుండెకాయ) ఆ 386నే లైనక్స్ వదిలేసింది కానీ, తర్వాతి తరం 32 బిట్ చిప్‌లను చాలాకాలం మోసుకొచ్చింది. 64 బిట్ మార్గం 2003లో ఏఎండీ తెరిచింది. మరుసటి ఏడాది నుంచి పెంటియం 4లో కొన్ని రకాలకు ఇంటెల్ కూడా అదే చేర్చింది. 2006లో కోర్ 2 డ్యుయో వచ్చాక డెస్క్‌టాప్ చిప్‌లు దాదాపు అన్నీ 64 బిట్‌వే. పెంటియం డ్యుయల్ కోర్ కూడా అంతే. 2008 ప్రాంతపు చిన్న నెట్‌బుక్‌లలో ఉండే ఆటమ్ ఎన్270 ఒకటి మినహాయింపు.

మరి 64 బిట్ చిప్ ఉన్న పెట్టెలో 32 బిట్ లైనక్స్ ఎందుకు వేశారు? ర్యామ్ ఒక కారణం. 64 బిట్‌లో మెమరీ చిరునామాల సైజు రెట్టింపు అవుతుంది కాబట్టి అదే పనికి ర్యామ్ ఎక్కువ పడుతుంది. 512 ఎంబీ, 1 జీబీ పెట్టెల రోజుల్లో ఆ తేడా కొట్టొచ్చినట్టు తెలిసేది. దానికన్నా పెద్ద కారణం ఫ్లాష్. అప్పట్లో యూట్యూబ్ వీడియో ఆడాలన్నా ఫ్లాష్ కావాలి. 64 బిట్ లైనక్స్‌కు సరైన ఫ్లాష్ 2011 అక్టోబరులో 11వ వెర్షన్‌తో గానీ రాలేదు. స్కైప్ కూడా లైనక్స్‌కు 32 బిట్‌లోనే ఉండేది. సోంపేట, ఇచ్ఛాపురం వైపు గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇంటికి అప్పట్లో స్కైప్ ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. లైనక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు డౌన్‌లోడ్ పేజీ సైతం ఆ రోజుల్లో 32 బిట్‌నే సిఫార్సు చేసేది. కాబట్టి ఓఎస్ వేసినవాళ్లది తప్పేమీ లేదు. ఆనాటికి అదే సరైన పని.

తర్వాత అవే కంపెనీలు ఎదురు తిరిగాయి. లైనక్స్‌కు 32 బిట్ క్రోమ్‌ను ఆపేస్తున్నామని 2015 నవంబరు చివర్లో గూగుల్ ప్రకటించి, 2016 మార్చిలో ఆపేసింది. దాంతోపాటే పాత లైనక్స్ రకాలైన డెబియన్ 7, ఉబుంటు 12.04లను కూడా వదిలేసింది. ఆ నెలలో 64 బిట్ వాళ్లకూ ఒక తలనొప్పి వచ్చింది. అప్‌డేట్ కొట్టిన ప్రతిసారీ క్రోమ్ భాండాగారంలో (ప్రోగ్రాములు దిగే సర్వర్‌లో) 32 బిట్ జాబితా దొరకలేదని ఎర్రర్ వచ్చేది. క్రోమ్ చిరునామా ఉన్న వరుసలో ఆర్కిటెక్చర్ ఏఎండీ64 అని చేర్చితే పోయేది. అయితే క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం మూలకోడ్‌లో 32 బిట్ దారి ఉంచారు. అందుకే డెబియన్ వాళ్లు తయారుచేసుకున్న క్రోమియం ఆ తర్వాత కూడా 32 బిట్ పెట్టెల్లో నడిచింది. స్కైప్ అంత దయ చూపలేదు. కొత్త లైనక్స్ స్కైప్‌ను 64 బిట్‌కే ఇచ్చి, పాత 4.3ను 2017 జులైలో ఆపేసింది.

అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ఉబుంటు 17.10కు 32 బిట్ డెస్క్‌టాప్ సీడీ లేదు. 2019 జూన్‌లో 32 బిట్ ప్యాకేజీలన్నీ తీసేస్తామని ఉబుంటు అన్నప్పుడు స్టీమ్ ఆటల కంపెనీ వాల్వ్ గట్టిగా అడ్డం తిరిగింది. వారం తిరక్కుండానే ఉబుంటు వెనక్కి తగ్గి, కొన్ని ఎంపిక చేసిన ప్యాకేజీలు ఉంచింది. వెనక్కి తగ్గింది ఆటల కోసం, పాత పెట్టెల కోసం కాదు. ఫెడోరా అనే మరో లైనక్స్ రకం 31వ వెర్షన్‌లో అదే ఏడాది 32 బిట్ కెర్నెల్‌ను మానేసింది. ఆఫీసు పనులకు వాడే లిబ్రేఆఫీస్‌కు 6.3 నుంచి అధికారిక 32 బిట్ లైనక్స్ ప్యాకేజీలు ఆగాయి. వీటికన్నా ఎక్కువకాలం నిలబడింది డెబియన్. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ పీసీకి ఇన్‌స్టాలరూ లేదు, కెర్నెలూ లేదు. 64 బిట్ ఓఎస్ మీద పాత ప్రోగ్రాములు నడపడానికి కావలసిన లైబ్రరీలే మిగిల్చారు. 2038 జనవరి 19న సెకన్లను లెక్కించే 32 బిట్ కాలగణన నిండిపోతుంది. దానికి డెబియన్ 13లో మిగతా 32 బిట్ రకాలకు మరమ్మతు చేశారు కానీ పీసీ రకానికి చేయలేదు. పాత బైనరీలు చెడిపోకూడదని అలాగే ఉంచారు. ఈ ఒక్క నిర్ణయం చూస్తేనే దాని భవిష్యత్తు అర్థమవుతుంది.

బ్రౌజర్లే ముందు వదలడానికి కారణాలు ఉన్నాయి. 32 బిట్‌లో ఒక ప్రోగ్రాం చేరుకోగల మెమరీ 4 జీబీ. లైనక్స్‌లో అందులో ఒక జీబీ కెర్నెల్‌కు పోయి ప్రోగ్రాంకు 3 జీబీ దక్కుతుంది. పీఏఈ కెర్నెల్ వేస్తే పెట్టెలో 8 జీబీ ఉన్నా వాడుకోవచ్చు కానీ ఒక్కో ప్రోగ్రాంకు హద్దు అదే. ఈనాటి బ్రౌజర్ మూలకోడ్‌ను ఒక్కటిగా కూర్చే దశకు ఆ 3 జీబీ చాలదు. భద్రత సంగతి ఇంకా గట్టిది. దాడిచేసేవాడు ఊహించలేకుండా కోడ్‌ను మెమరీలో చెల్లాచెదురుగా పెడతారు. 32 బిట్‌లో చెదరగొట్టడానికి చోటు తక్కువ కాబట్టి ఊహించడం తేలిక. 2018 జనవరిలో ప్రాసెసర్లలోని స్పెక్టర్ లోపం బయటపడ్డాక క్రోమ్ 67 నుంచి ఒక్కో సైట్‌ను ఒక్కో ప్రాసెస్‌లో విడిగా ఉంచడం మొదలైంది. దానికి ర్యామ్ 10 నుంచి 13 శాతం ఎక్కువ పడుతుందని గూగులే చెప్పింది. వీటికితోడు జావాస్క్రిప్ట్ ఇంజిన్‌లో 32 బిట్‌కు విడిగా కోడ్ రాయాలి, విడిగా పరీక్షించాలి. కొద్దిమంది కోసం అంత పని మోయలేమన్నది వాళ్ల వాదన. లెక్కగా చూస్తే కాదనలేం. కానీ ఆ కొద్దిమంది ఎవరో, కొత్త పెట్టె కొనే స్తోమత వాళ్లకు ఉందో లేదో ఆ లెక్కలోకి రాదు.

మద్దతు ఆగిన రోజునే బ్రౌజర్ చచ్చిపోదు. సైట్లు ఒక్కొక్కటే మొరాయిస్తాయి. అయితే ప్రతి మొరాయింపూ బ్రౌజర్ వల్ల కాదు. ముందు తెర మూల తేదీ చూడండి. రాత్రి స్విచ్ కట్టేసి పొద్దున్న వేస్తే 2009 జనవరి 1 అని ఉంటే, మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయిందన్నమాట. అది సీఆర్2032, అడ్డం 20 మిల్లీమీటర్లు, మందం 3.2. కొత్తదానికి మల్టీమీటర్‌లో 3 వోల్టులు దాటి చూపిస్తుంది, 2.7కు పడితే మార్చేయాలి. తేదీ వెనక్కి పోతే సైట్ల సర్టిఫికెట్లు ఇంకా మొదలే కాలేదని బ్రౌజర్ అనుకుంటుంది. అందుకే ఈఏపీసెట్ దరఖాస్తు మొదలు బ్యాంకు పేజీ దాకా ఏదీ తెరుచుకోదు. బిళ్లను ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టి, బయోస్‌లో తేదీ సరిచేస్తే సరిపోతుంది. ఇంత చిన్న పనికి ఫార్మాట్ కొట్టి ఓఎస్ మళ్లీ వేయడం వృథా.

తేదీ సరిగ్గా ఉండి కూడా కొన్ని సైట్లే సర్టిఫికెట్ తప్పు చూపిస్తే మూల సర్టిఫికెట్లు (మిగతా సర్టిఫికెట్లను నమ్మడానికి ఆధారమైనవి) పాతబడ్డాయని లెక్క. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ను వాడే సైట్లకు ఆసరాగా ఉన్న పాత మూల సర్టిఫికెట్ 2021 సెప్టెంబరు 30న ముగిసింది. ఆ రోజు చాలా పాత పెట్టెలకు నెట్ సగం పోయింది. ఇక పేజీ వచ్చి బటన్లు పనిచేయకపోతే, తెల్లగా ఉండిపోతే, అప్పుడు నిజంగా బ్రౌజరే పాతది. బ్రౌజర్ పేరు మార్చి చూపించే చిట్కాతో 'అప్‌డేట్ చేయండి' అన్న అడ్డుగోడ దాటొచ్చు కానీ, దాటాక లోపల కోడ్ అర్థం కాక అక్కడే ఆగుతుంది.

ఇప్పుడు ప్రాసెసర్ సంగతి. టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌సీపీయూ (lscpu) అని కొట్టాలి. మొదటి వరుసలో ఐ686 అని కనిపించగానే చాలామంది నిరాశపడతారు. అది కెర్నెల్ రకం. చూడవలసింది సీపీయూ ఆప్ మోడ్ (CPU op-mode) వరుస. అక్కడ 32 బిట్, 64 బిట్ అని రెండూ ఉంటే మీ పెట్టె 64 బిట్‌దే. ఒక్క 32 బిట్టే ఉంటే 64 బిట్‌కు మారే దారి లేదు.

64 బిట్ అని తేలాక చూడాల్సింది ర్యామ్. 2 జీబీతో రెండు మూడు ట్యాబ్‌లు నడుస్తాయి, 4 జీబీ ఉంటే దరఖాస్తుల పనికి హాయి. మన వైపు అసెంబుల్ చేసిన పెట్టెల్లో తరచూ కనిపించే బోర్డుల్లో జీ31 చిప్‌సెట్ 4 జీబీ దాకా, జీ41 8 జీబీ దాకా తీసుకుంటాయి. 945జీసీ బోర్డులు చాలావరకు 2 జీబీ దగ్గరే ఆగిపోతాయి. సెకండ్ హ్యాండ్‌లో డీడీఆర్2 కొనేటప్పుడు ఏఎండీ బోర్డులకే పనికొచ్చే రకం అంటగట్టే ప్రమాదం ఉంది. అది ఇంటెల్ బోర్డులో పెడితే డిస్‌ప్లే రాదు. జీ41లో డీడీఆర్3 4 జీబీ వేస్తే రెండు వైపులా కలిపి 16 చిప్‌లు ఉన్నదే అడగాలి. ఒకవైపే 8 చిప్‌లున్నది చాలా బోర్డులు గుర్తించవు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ర్యామ్ కాళ్లు త్వరగా మసకబారతాయి. కొత్తది పెట్టాక బీప్‌లు వస్తే పాడైందనుకోకుండా ముందు పెన్సిల్ రబ్బరుతో ఆ బంగారు రంగు కాళ్లను రుద్ది, పొడి బట్టతో తుడిచి మళ్లీ పెట్టి చూడాలి. హార్డ్‌డిస్క్ స్థానంలో 120 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేస్తే పెట్టెకు మళ్లీ ప్రాణం వస్తుంది.

32 బిట్ నుంచి 64 బిట్‌కు అప్‌డేట్‌తో మారడం ఉండదు, కొత్తగా వేయాల్సిందే. హోమ్ ఫోల్డర్ మొత్తాన్ని, చుక్కతో మొదలయ్యే దాచిన ఫోల్డర్లతో సహా బయటి డిస్క్‌కు తీసుకోవాలి. ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. ఫైర్‌ఫాక్స్ 144తో వాడిన ప్రొఫైల్‌ను (బుక్‌మార్కులు, పాస్‌వర్డులు ఉండే ఫోల్డర్‌ను) డెబియన్‌లో వచ్చే ఈఎస్‌ఆర్ 140 తెరవదు, పాత వెర్షన్ అంటూ నిరాకరిస్తుంది. అందుకని బుక్‌మార్కులు, పాస్‌వర్డులు ముందే ఎగుమతి చేసి పెట్టుకోవాలి. ఆ పాస్‌వర్డ్ ఫైలు తాళం లేని కాగితం లాంటిది, ఎక్కించుకున్న వెంటనే చెరిపేయాలి. డెబియన్ 13 64 బిట్‌ను పెన్‌డ్రైవ్‌కు రాసి, డెస్క్‌టాప్‌గా ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ ఎల్‌ఎక్స్‌క్యూటీ గానీ ఎంచుకుంటే తేలిగ్గా ఉంటుంది. పాత బయోస్‌లో పెన్‌డ్రైవ్ తరచూ రిమూవబుల్ జాబితాలో కాక హార్డ్‌డిస్క్‌ల జాబితాలో కనిపిస్తుంది. బూట్ కావట్లేదని వదిలేసే ముందు అక్కడ చూడాలి. ర్యామ్ 2 జీబీయే అయితే జెడ్‌ర్యామ్ పెట్టుకోవాలి, అది ర్యామ్‌లోనే కొంత భాగంలో సమాచారాన్ని నొక్కిపెట్టి ఉంచుతుంది.

నెట్ సెంటర్ వాళ్ల అసలు బెంగ ప్రింటర్. కెనాన్ ఎల్‌బీపీ 2900కు కంపెనీ ఇచ్చిన క్యాప్ట్ డ్రైవర్‌లో 64 బిట్ ప్యాకేజీ అన్నదాంట్లో కూడా లోపల 32 బిట్ ముక్కలున్నాయి. డెబియన్‌లో ఐ386 (32 బిట్) ఆర్కిటెక్చర్‌ను అదనంగా చేర్చి ఆ లైబ్రరీలు వేయకపోతే, ప్రింటర్ జాబితాలో కనబడుతుంది, కాగితం మాత్రం కదలదు. డెబియన్ 13 మిగిల్చిన 32 బిట్ లైబ్రరీలు అక్కరకొచ్చేది ఇలాంటి చోటే. హెచ్‌పీ 1020 వేరే రకం. స్విచ్ వేసిన ప్రతిసారీ దానికి ఫర్మ్‌వేర్ పంపాలి, హెచ్‌పీ లైనక్స్ డ్రైవరైన హెచ్‌పీలిప్ ప్లగిన్ వేస్తే ఆ పని అదే చూసుకుంటుంది. వేలిముద్ర యంత్రాలతో పని ఉన్నచోట మాత్రం ఒక విండోస్ పెట్టె పక్కన ఉంచుకోవడమే మంచిది.

ఆటమ్ ఎన్270 నెట్‌బుక్, పాత పెంటియం 4 లాంటి నిజమైన 32 బిట్ పెట్టెలకు డెబియన్ 12, దానిలోని ఈఎస్‌ఆర్ 140 ప్రస్తుతానికి సరిపోతాయి. ఆ ఈఎస్‌ఆర్‌కు సవరణలు ఆగిన రోజు నుంచి వాటిలో బ్యాంకు లావాదేవీలు, యూపీఐ, ఆధార్ ఓటీపీ పనులు చేయకూడదు. కస్టమర్ల వివరాలు ఎక్కించే పెట్టె అయితే మరీను. నెట్ తీగ తీసేసి, ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాంలో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టి, టైపింగ్ నేర్చుకునే పిల్లలకు ఇస్తే ఇంకా కొన్నేళ్లు పనిచేస్తుంది. లిబ్రేఆఫీస్‌ను డెబియన్ భాండాగారం నుంచే వేసుకోవాలి, దాని సొంత సైట్‌లో ఆ పెట్టెకు సరిపడేది దొరకదు.