కదులుతున్న స్కీ బైండింగ్: అపోహలు - వాస్తవాలు

క్రాస్‌కంట్రీ స్కీ (మంచు మీద నడుస్తూ జారడానికి వాడేది) మీద బైండింగ్, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే భాగం, కదలడం మొదలవగానే కొత్తది కొనేస్తారు చాలామంది. తీరా చూస్తే బైండింగ్ శుభ్రంగానే ఉంటుంది, పాడైంది దాని కింద స్క్రూ రంధ్రం.

అపోహ: స్క్రూ వదులైతే ఇంకాస్త గట్టిగా బిగిస్తే సరి.

వాస్తవం: స్క్రూ పట్టు దొరక్కుండా ఊరికే తిరుగుతోందంటే రంధ్రం లోపల స్క్రూను పట్టుకునే గాడులు పోయాయని అర్థం. ఇంకా తిప్పితే మిగిలిన కాస్తా పొడి అవుతుంది. బైండింగ్ విప్పేయండి. రంధ్రంలో తడి ఉంటే ఒకటి రెండు రోజులు వెచ్చటి గదిలో ఆరనివ్వాలి, తడి మీద ఎపాక్సీ జిగురు పట్టదు. పొట్టు దులిపి, సన్నని స్టీల్ ఊల్ (ఉక్కు పీచు) పోగులు నాలుగైదు లోపలికి దూర్చి, నిదానంగా గట్టిపడే రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ నింపండి. బైండింగ్ పెట్టి స్క్రూలన్నీ మార్చిమార్చి చేత్తోనే బిగించండి. పొంగిన జిగురు ఆరకముందే తుడిచేసి, 24 గంటలు ముట్టుకోకండి. అయిదు నిమిషాల ఎపాక్సీతో తొందర తీరుతుంది కానీ అది పోగుల్లోకి ఇంకేలోపే బిగుసుకుపోతుంది. సూపర్ గ్లూ అయితే పెళుసు, అడుగు వేసినప్పుడల్లా పడే లాగుడుకు నిలవదు.

అపోహ: పొడవైన స్క్రూ వేస్తే పట్టు దొరుకుతుంది.

వాస్తవం: దాని మొన స్కీ అడుగును లోపలి నుంచి బయటికి తోస్తుంది. అడుగున వేలితో రాస్తే చిన్న బొడిపె తగులుతుంది, ఇక ఆ స్కీ పని అయిపోయినట్టే. పాత పొడవే వాడండి. రంధ్రం మరీ పెద్దదైతే ప్లగ్ (చిన్న బిరడా) వేసి మూసి, కనీసం ఒక సెంటీమీటరు ఎడంగా కొత్త రంధ్రం వేయాలి. సాధారణంగా 3.6 మి.మీ. డ్రిల్ బిట్ సరిపోతుంది, లోహపు పొర ఉన్న స్కీకి 4.1. బైండింగ్ కింద స్క్రూ ఎంత బయటికి వస్తుందో కొలిచి, బిట్ మీద అంతవరకే టేపు చుట్టుకోండి. బైండింగ్ ముందుకో వెనక్కో జరిగితే స్కీ తూకం మారుతుంది, అందుకే రెండో స్కీకీ అంతే జరపాలి.

అపోహ: ప్లస్ ఆకారపు స్క్రూడ్రైవర్ ఏదైనా చాలు.

వాస్తవం: ఇవి పోజిడ్రైవ్ స్క్రూలు, ప్లస్‌లా కనిపించినా వేరే రకం, వీటికి 3వ నంబరు పోజిడ్రైవ్ స్క్రూడ్రైవర్ బిట్ కావాలి. మామూలు ఫిలిప్స్‌తో తల అరిగిపోతుంది.

అపోహ: ఎపాక్సీ వేస్తే స్క్రూను మళ్లీ విప్పలేం.

వాస్తవం: సాల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద కాసేపు ఆనిస్తే జిగురు మెత్తబడుతుంది. వేడి మీదే తిప్పేయాలి.

అపోహ: బైండింగ్ మూత తెరుచుకోకపోతే లోపల ఏదో విరిగింది.

వాస్తవం: చాలాసార్లు అది మంచు గడ్డే. సుత్తి జోలికి పోకుండా గోరువెచ్చని నీళ్లు పోసి, ఆరబెట్టండి.

అపోహ: విరిగిన ప్లాస్టిక్ భాగం అతికించుకోవచ్చు.

వాస్తవం: బూటు ముందు భాగంలో ఉండే కడ్డీని పట్టుకునే చోట పగులు వస్తే బైండింగ్ మార్చాల్సిందే. బూటు ముందు ఉండే రబ్బరు ముక్క పగిలితే మాత్రం అదొక్కటే విడిగా దొరుకుతుంది.

ఇదంతా క్రాస్‌కంట్రీకే. పడినప్పుడు బూటును వదిలేసే ఏర్పాటు వీటికి ఉండదు కాబట్టి ఇంట్లో విప్పి బిగించవచ్చు. కొండ దిగే ఆల్పైన్ బైండింగ్‌కు ఆ ఏర్పాటు ఉంటుంది, దాని సెట్టింగ్ యంత్రం మీదే పరీక్షించాలి, కాబట్టి దాన్ని వర్క్‌షాపుకే ఇవ్వండి.