గూస్ పిల్లకు కోళ్ల వైద్యం: అపోహలు - వాస్తవాలు

బెంగళూరు చుట్టుపక్కల దేవనహళ్లి, హొసకోటె, ఆనేకల్ వైపు తోటల్లో కాపలాకని గూస్ బాతులు పెంచే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. పిల్ల నలతగా కనిపిస్తే కోళ్లకు చేసే వైద్యమే దానికీ చేసేస్తారు. చిక్కంతా అక్కడే. గూస్ గడ్డి మేసే నీటిపక్షి, దాని ఒంటి తీరు వేరు.

అపోహ: బెంగళూరులో చలెక్కడిది? పిల్లకు బల్బు అక్కర్లేదు.

వాస్తవం: డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇక్కడ 15 డిగ్రీల దాకా దిగుతుంది. వానాకాలంలో తడిసిన పిల్లకు 20 డిగ్రీలు కూడా చలే. మొదటి వారం పిల్ల ఉండే చోట 32 డిగ్రీలు ఉండాలి, ఆ తర్వాత వారానికి 3 చొప్పున తగ్గించాలి. నీరసించిన పిల్లకైతే, కాస్త వయసొచ్చినా సరే, 30 దగ్గర ఉంచడం మంచిది. పెద్ద అట్టపెట్టెలో ఒక మూలన మాత్రమే 60 వాట్ల పాతరకం బల్బు వేలాడదీయండి. ఎల్‌ఈడీ వెలుగిస్తుందిగానీ వెచ్చదనమివ్వదు. రెండో మూల చల్లగా ఉంటే పిల్ల తనకు కావలసిన చోటికి జరుగుతుంది. బల్బు కిందే ముడుచుకుంటే వేడి చాలడం లేదు, దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే ఎక్కువైంది. కరెంటు పోతే వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి.

వరస కూడా ముఖ్యమే: ముందు వెచ్చదనం, తర్వాత నీళ్లు, ఆఖరున మేత. చల్లబడిన పిల్లకు తిన్నది అరగదు.

అపోహ: నీళ్లు తాగకపోతే నోరు తెరిచి పోయాలి.

వాస్తవం: శ్వాసనాళం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది. బలవంతంగా పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆ పిల్ల దక్కడం కష్టం. ముక్కు అంచున ఒక్కో చుక్క పెట్టి, మింగాక ఇంకో చుక్క పెట్టండి. లీటరుకు కలపమన్న ఓఆర్ఎస్ పొట్లాన్ని రెండు లీటర్లలో కలిపితే సరిపోతుంది, అదీ ఒక్క రోజుకే. నీటిపక్షి పిల్లలు ఉప్పును తట్టుకోలేవు.

తాగే గిన్నె లోతు కూడా చూడండి. కోడిపిల్లల డ్రింకర్‌లో గూస్ పిల్ల ముక్కు రంధ్రాలు మునగవు, కడుక్కోలేక కళ్ల దగ్గర నురగ, చీము చేరతాయి. 5 సెం.మీ. లోతు గిన్నెలో నాలుగు గులకరాళ్లు వేస్తే ముక్కు మునుగుతుంది, పిల్ల మునగదు.

అపోహ: కుంటుతోందంటే కాలు విరిగినట్టే, లేదా ఎవరో తొక్కి ఉంటారు.

వాస్తవం: మొదటి నెలలో కుంటడానికి తరచూ కనిపించే కారణం నయాసిన్, అంటే బి3 విటమిన్, చాలకపోవడం. గూస్ పిల్లకు కిలో దాణాలో 55 నుంచి 70 మి.గ్రా. కావాలి. కోడిపిల్లల స్టార్టర్‌ను, అంటే పిల్లలకు మొదట పెట్టే దాణాను, కోడి లెక్కనే తయారు చేస్తారు కాబట్టి అందులో అంత ఉండకపోవచ్చు. బియ్యం నూక, రాగి జావ, బ్రెడ్ పెట్టేవాళ్ల దగ్గరి గూస్ పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. మొదట పిల్ల నాలుగడుగులు వేసి కూర్చుంటుంది. తర్వాత కాలి మధ్య కీలు వాచి, కాళ్లు విల్లులా వంగుతాయి. కుంటు కనిపించగానే, కాళ్లు అప్పటికే వంగినా సరే, 4 లీటర్ల తాగే నీళ్లలో 500 మి.గ్రా. నయాసిన్ మాత్ర పొడి చేసి కలపండి, రోజూ కొత్త నీళ్లు పెట్టండి. లేచి నడవడం మొదలుపెట్టాక కిలో దాణాకు 50 నుంచి 75 గ్రాముల బ్రూవర్స్ ఈస్ట్‌కు (బీరు తయారీలో వాడే, ఎండబెట్టిన ఈస్ట్) మారొచ్చు. రొట్టెల్లో వేసే ఈస్ట్ వాడకండి, అది కడుపులో పులుస్తుంది. కీలు దగ్గర కండరాన్ని ఎముకకు కట్టే తాడు (టెండన్) పక్కకు జారిపోయాక మాత్రం విటమిన్ ఏమీ చేయలేదు, అందుకే మొదటి కుంటులోనే మొదలుపెట్టాలి.

కాళ్లు రెండు పక్కలకూ చీలిపోతుంటే అది వేరే సంగతి. న్యూస్‌పేపర్ మీద పెంచితే జారి అలా అవుతుంది. గోనెపట్టా పరిచి, రెండు కాళ్లనూ మెత్తటి టేపుతో, మామూలుగా నిలబడేంత ఎడం ఉంచి, నాలుగైదు రోజులు కట్టండి.

రెక్క చివర బయటికి తిరిగితే అది బలం చాలక కాదు, బలం ఎక్కువై. మూడు వారాలు దాటినా 20 శాతం మాంసకృత్తుల దాణానే పెడితే రెక్క ఎముక కన్నా ఈకలు ముందు బరువెక్కుతాయి. దాణా 15-16 శాతానికి దించి, రెక్కను మడిచి కొన్ని రోజులు టేపు వేయండి. పెద్దయ్యాక వంగిన రెక్క ఇక బాగుపడదు.

అపోహ: వేరుశనగ చెక్క పెడితే త్వరగా కోలుకుంటుంది.

వాస్తవం: చెక్కకు బూజు పడితే అందులో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో టర్కీ కోళ్లతోపాటు బాతు పిల్లలు కూడా వేరుశనగ పిండి విషంతో చనిపోయాకే ఈ విషం సంగతి బయటపడింది. కోడి కన్నా నీటిపక్షుల కాలేయం దీనికి త్వరగా లొంగుతుంది. పైకి బూజు కనిపించకపోయినా నమ్మడానికి లేదు. కిందపరిచే ఊక తడిసి బూజు పట్టినా ప్రమాదమే: పిల్ల చప్పుడు లేకుండా నోరు తెరిచి ఊపిరి లాగుతుంటే ఊపిరితిత్తుల్లో బూజు చేరిందని అనుమానించాలి.

జబ్బు పిల్లకు తడిపిన స్టార్టర్, 2 సెం.మీ. ముక్కలుగా కోసిన లేత గరిక, పక్కన చిటికెడు సన్న ఇసుక పెట్టండి. పొడుగు ముదురు గడ్డి గొంతులో ఉండ కడుతుంది.

అపోహ: యాంటీబయాటిక్ పొడి నీళ్లలో కలిపితే ఏదైనా తగ్గుతుంది.

వాస్తవం: నయాసిన్ లోపం, బూజు, విషం, వైరస్, ఇవేవీ దానికి లొంగవు. నెలలోపు పిల్లల్ని చంపే గూస్ పార్వో వైరస్‌కు మందే లేదు. మూడు వారాలు దాటిన పిల్ల తినకుండా, కళ్లు గుంటపడి, తెల్లగా పారుతుంటే కిడ్నీకి పట్టే కాక్సీడియా అనే సూక్ష్మ పరాన్నజీవి కావచ్చు. దాని మందు వేరు, డాక్టరు రాయాలి.

అపోహ: కొబ్బరినూనో వేపనూనో రాస్తే బలం.

వాస్తవం: నూగు అతుక్కుపోయి ఒంటి వేడి పోతుంది. రాయకండి.

అపోహ: జబ్బు పిల్లను ఒంటరిగా గదిలో పెట్టాలి.

వాస్తవం: తోడు లేకపోతే అది అరిచి అరిచి మేత మానేస్తుంది. అంటురోగం అనుమానం లేకుంటే జాలీకి అటువైపు ఇంకో పిల్లను ఉంచండి, లేదా చిన్న అద్దం పెట్టండి. రోజూ అదే వేళకు వంటింటి త్రాసులో తూచండి. ఈ వయసులో బరువు పెరగకపోవడమే మొదటి జబ్బు గుర్తు.

చనిపోతే పాతిపెట్టేయకండి. కళేబరాన్ని రెండు కవర్లలో కట్టి, గడ్డకట్టనీయకుండా ఐస్ మీద పెట్టి, 24 గంటల్లోపు హెబ్బాళలోని పశు ఆరోగ్య, వెటర్నరీ బయలాజికల్స్ సంస్థకు తీసుకెళ్తే కారణం తేలే అవకాశం ఉంటుంది. ఒక్కసారే నాలుగైదు పోతే మాత్రం ముట్టుకోకండి, ఎక్కడికీ తీసుకెళ్లకండి. 2025 ఆరంభంలో పక్కనే చిక్కబళ్లాపుర జిల్లాలో బర్డ్ ఫ్లూ బయటపడింది. 1962 నంబరుకు ఫోన్ చేసి పశువైద్యశాఖ వాళ్లనే రప్పించండి.