డే కేర్ ఫీజు ఎవరి జీతంలోంచి?

బిడ్డకి ఆరో నెల వచ్చేసరికి మన ఇళ్లల్లో ఒక లెక్క మొదలవుతుంది. తల్లికి నెలకి 35 వేలు వస్తాయనుకుందాం. డే కేర్‌కి 12 వేలు, ఆటోకి 3 వేలు, సాయంత్రం ఆరున్నర దాటితే గంటకింతని అదనం. పిల్లకి జ్వరమొస్తే ఆ రోజు తీసుకోరు, సెలవు పెట్టాలి. ఇవన్నీ తీసేశాక ఎవరో ఒకరు అననే అంటారు: "ఈ మిగిలేదానికి ఇంత టెన్షన్ ఎందుకమ్మా, మానెయ్యరాదూ?" మా ఇంట్లో గ్యాస్ బిల్లు వెనక రాసుకున్న లెక్కలో కూడా మా ఆయన జీతం అంకె లేదు. ఫీజు తీసేసింది నా జీతంలోంచే. అప్పుడు నాకూ అందులో తప్పు కనపడలేదు.

ఈ లెక్క మన చట్టాల్లోనూ ఉంది. 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకి ఒక గది, చూసుకునే మనిషి ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 1976లో ఆ 50ని 30కి తగ్గించారు. మంచి ఉద్దేశంతో రాసిందే. కానీ లెక్కపెట్టింది ఆడవాళ్లని మాత్రమే. 2025లో ఆ చట్టం రద్దయ్యేదాకా, 31వ మహిళని పనిలో పెట్టుకుంటే యజమానికి గది ఖర్చు, ఆయా జీతం మీద పడేవి. వెయ్యిమంది మగవాళ్లని పెట్టుకుంటే, వాళ్లకి ఎంతమంది పిల్లలున్నా పైసా ఖర్చు ఉండేది కాదు. అలాంటప్పుడు యజమాని ఎవరిని తీసుకోవడానికి వెనకాడేవాడో చెప్పక్కర్లేదు.

పొలం పనికి ఆ మాత్రం చట్టమూ లేదు. గట్టు మీద తుమ్మచెట్టుకి పాతచీర ఉయ్యాల కట్టి, పక్కన ఏడెనిమిదేళ్ల అక్కని కూర్చోబెట్టి, తల్లి నాట్లకి దిగేది. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే బురదచేతులు కడుక్కుని గట్టెక్కి పాలిచ్చేది. ఉయ్యాల ఊపిన ఆ అక్క ఆ రోజు బడికి పోలేదు. తమ్ముణ్ని పెంచడానికి అయిన ఖర్చు అది. ఏ లెక్కలోనూ ఎక్కలేదు.

1969లో గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం ఢిల్లీలో కట్టడాలు జరుగుతుంటే, కూలీల పిల్లలు దుమ్ములో పడి ఉండడం చూసి మీరా మహదేవన్ అక్కడే ఒక గుడారం వేయించారు. మొబైల్ క్రెష్‌లు, అంటే పనిచోటికే వచ్చే పిల్లల గదులు, అలా మొదలయ్యాయి. పని ఎక్కడికి మారితే పిల్లల గది అక్కడికి మారుతుందన్నమాట. ఊళ్లు వదిలి దేశమంతా డ్యాములూ కట్టడాలూ కట్టిన మన పాలమూరు కూలీల బతుకు తెలిసినవాళ్లకి దాని విలువ వేరే చెప్పాలా.

1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) మొదలైంది, అంగన్‌వాడీలు వచ్చాయి. గుడ్డు, పాలు, టీకాలు, బరువు చూడడం, మూడేళ్లు దాటిన పిల్లలకి ఆటపాటలు... ఎంతో మేలు చేశాయి. అయితే అవి పుట్టింది పోషణ కోసం. తల్లి పని గంటలని చూసి పెట్టినవి కావు.

ఇక సాఫ్ట్‌వేర్ రోజులు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక హైదరాబాద్‌లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగానికి వెళ్లే కొత్త కాపురాలు పెరిగాయి. చాలా ఇళ్లల్లో బిడ్డని పెంచింది ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మో నానమ్మో. అమెరికాలో కాపురమైతే ఆర్నెల్లు అమ్మ, ఆ తర్వాత ఆర్నెల్లు అత్తగారు. అటు తాతగారు ఊళ్లో ఒక్కరే వండుకు తినేవారు. డబ్బులివ్వకపోయినంత మాత్రాన అది ఉచితం కాదు. మోకాళ్ల నొప్పులతో చంటిపిల్ల వెనక పరిగెత్తడం పనే.

2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించారు, సెలవు 12 వారాల నుంచి 26 వారాలకి పెరిగింది. ఈఎస్ఐ ఉన్నవాళ్లకి ఆ డబ్బు బీమా నుంచి వస్తుంది. లేనిచోట మొత్తం యజమానే కట్టాలి, కాబట్టి ఆడవాళ్లని తీసుకోవడానికి వెనకాడే కారణం ఇంకొకటి చేరింది. ఆ సవరణలోనే నాకు బాగా నచ్చిన మార్పు ఒకటుంది. ఆడామగా కలిపి 50 మంది ఉద్యోగులుంటే చాలు, క్రెష్ ఉండాలి. ఏడు దశాబ్దాలకి చట్టం మగవాళ్లని కూడా ఈ లెక్కలోకి తీసుకుంది. కానీ ఫీజు ఎవరు కట్టాలో ఆ సవరణ తేల్చలేదు.

26 వారాలంటే ఆరు నెలలు. అంగన్‌వాడీ ఆటపాటలు మూడేళ్లకి. మధ్యలో రెండున్నరేళ్లు ఇంటివాళ్లదే భారం. 2022లో వచ్చిన పాల్నా పథకం కింద 17 వేల అంగన్‌వాడీల్లో క్రెష్‌లు పెడతామన్నారు. మన వీధి అంగన్‌వాడీలో అలాంటిది ఉందేమో ఒకసారి వెళ్లి అడగండి. ఆఫీసులో 50 మంది దాటితే హెచ్ఆర్‌నీ అడగండి, తండ్రులు కూడా.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ క్రెష్ నిబంధన ఉంది. రోజుకి నాలుగుసార్లు బిడ్డని చూసి రావడానికి అనుమతి ఇవ్వాలి. ఎవరికి అన్నచోట ఇప్పటికీ "మహిళకి" అనే ఉంది.