ఎదురు సీటులోని భయం: ఆఫీసు థ్రిల్లర్ వెనక కథ

ఆఫీసులో నడిచే సైకలాజికల్ థ్రిల్లర్‌లో చాలాసార్లు సగం పుస్తకం అయ్యేదాకా ఒక్క శవమూ కనపడదు. పంపానని గట్టిగా గుర్తున్న మెయిల్ వెతికితే దొరకదు. తాను లేని మీటింగులో తన పేరు వచ్చిందని ఎవరో చెబుతారు. నిన్నటిదాకా నవ్వుతూ పలకరించిన మనిషి ఇవాళ తల తిప్పుకుని పోతాడు. అంతే, మనకు పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. ఇంత చిన్న విషయాలు ఇంత టెన్షన్ పెట్టడం ఈ కాలపు ఫ్యాషన్ అనుకుంటారు చాలామంది. నిజానికి దీని వేళ్లు 1846లో ఉన్నాయి.

ఆ ఏడాది రష్యాలో దోస్తోయెవ్‌స్కీ రాసిన ‘ది డబుల్’ నవల అచ్చయింది. అప్పటికి ఆయనకు 24 ఏళ్లు. పీటర్స్‌బర్గ్‌లో గొల్యాద్కిన్ అనే చిరుద్యోగి పనిచేసే ఆఫీసులోకి అచ్చం అతనిలాగే ఉన్న, అతని పేరే ఉన్న మనిషి కొత్తగా చేరతాడు. వచ్చి అతని ఎదురుగానే కూర్చుంటాడు. నన్ను భయపెట్టింది ఆ పోలిక కాదు, తోటి ఉద్యోగులు దాన్ని పెద్ద విషయంగా తీసుకోకపోవడం. ఎవరి కాగితాలు వాళ్లు చూసుకుంటూ ఉంటారు. తర్వాత ఆ కొత్తవాడు, మరక పడింది చెరిపేస్తానంటూ గొల్యాద్కిన్ తయారుచేసిన కాగితం లాక్కుని, తానే పై అధికారికి అందించి మెప్పు కొట్టేస్తాడు. తన కష్టం ఇంకొకరి ఖాతాలో పడటం ఒక్కసారైనా చూసినవాళ్లకు ఆ పేజీ చదువుతుంటే కడుపు రగిలిపోతుంది. చివరికి గొల్యాద్కిన్‌ను డాక్టరు బండిలో తీసుకుపోతాడు. ఆ రెండోవాడు నిజమా, చెదిరిన మనసు కల్పించుకున్న నీడా అన్నది పాఠకుడికి చివరిదాకా తేలదు.

రచయిత ఫ్రాంజ్ కాఫ్కాకు ఆఫీసు లోపలినుంచే తెలుసు. 1908 నుంచి 1922 దాకా ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో ఉద్యోగం చేశాడు. ఆయన పోయాక 1925లో వచ్చిన ‘ది ట్రయల్’ నవలలో నాయకుడు ఒక బ్యాంకు అధికారి. ఒక సాయంత్రం బ్యాంకులోని పాత సామాన్ల గదిలోంచి మూలుగులు వినిపిస్తే తలుపు తీస్తాడు. అతను చేసిన ఫిర్యాదు వల్లే ఇద్దరు మనుషులు లోపల బెత్తం దెబ్బలు తినబోతుంటారు. మర్నాడు మళ్లీ తీస్తాడు. అదే బెత్తం, అదే మనుషులు. తలుపు మూసేసి, గది శుభ్రం చేయమని నౌకర్లకు చెప్పి ఇంటికి పోతాడు.

ఇవి భయపెడతాయి గానీ పరిగెత్తించవు. ఆ పరుగు నాకు స్పష్టంగా కనిపించేది 1946లో అమెరికన్ రచయిత కెన్నెత్ ఫియరింగ్ రాసిన ‘ది బిగ్ క్లాక్’లో. పెద్ద పత్రికల కంపెనీ యజమాని ఒక హత్య చేస్తాడు. ఆ రాత్రి చీకట్లో తనను చూసిన అపరిచితుణ్ని ఎలాగైనా పట్టుకోవాలి. ఆ పని కంపెనీలోనే ఉన్న ఒక ఎడిటర్‌కు అప్పగిస్తాడు. ఆ అపరిచితుడు ఆ ఎడిటరే. పని సరిగ్గా చేస్తే తాను దొరికిపోతాడు, చేయకపోతే అనుమానం వస్తుంది. కింద పనిచేసేవాళ్లేమో సమర్థులు, ఒక్కో ఆధారం తెచ్చి బల్ల మీద పెడుతుంటారు. చివరికి ఆ భవనాన్నే అంతస్తు తర్వాత అంతస్తు గాలిస్తారు. కథ ఒక్కో అధ్యాయం ఒక్కో పాత్ర నోట నడుస్తుంది కాబట్టి ఎవరికి ఎంత తెలుసో మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. నేటి థ్రిల్లర్లు ఈ పద్ధతిని ఎంతగా వాడుకుంటున్నాయో పాఠకులకు చెప్పక్కర్లేదు.

తర్వాత ఆఫీసు గదులే మారిపోయాయి. ఉద్యోగికి కాస్త స్వేచ్ఛ ఇవ్వాలని అమెరికన్ డిజైనర్ రాబర్ట్ ప్రాప్స్ట్ 1964లో ‘యాక్షన్ ఆఫీస్’ అనే ఫర్నిచర్ తెచ్చాడు. 1968 నాటి దాని రెండో రూపంలోని అడ్డపలకలను కంపెనీలు ఇరుకుగా పేర్చుకోవడంతో క్యూబికల్ పుట్టింది. పక్కవాడి గొంతు వినపడుతుంది, ముఖం కనపడదు. సస్పెన్స్ రాసేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

అయితే పెద్ద మార్పు మాటల్లో వచ్చింది. 1938లో ప్యాట్రిక్ హామిల్టన్ రాసిన ‘గ్యాస్ లైట్’ నాటకంలో భర్త భార్యకు ఆమె మతిమీదే అనుమానం పుట్టిస్తాడు. దాన్నుంచి పుట్టిన ‘గ్యాస్‌లైటింగ్’ అన్న మాట మెల్లగా ఇల్లు దాటి ఆఫీసుకూ పాకింది. 1980లలో స్వీడన్‌లో మనస్తత్వవేత్త హైన్జ్ లేమన్, పనిచోట నలుగురూ కలిసి ఒకరిని వేధించడాన్ని అధ్యయనం చేసి దానికి ‘మాబింగ్’ అన్న పేరు వాడాడు. 2019లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పనిచోట హింస, వేధింపులపై 190వ ఒప్పందాన్ని ఆమోదించింది. అప్పటిదాకా “నీకే అలా అనిపిస్తోంది” అని కొట్టిపారేసిన బాధకు పేరు దొరికింది. దాంతో థ్రిల్లర్ చదివేవాళ్ల అనుమానం కూడా దిశ మార్చుకుంది. ఈ మనిషికి పిచ్చి పట్టిందా అని కాదు, పట్టిస్తున్నది ఎవరు అని అడుగుతున్నాం.

ఈ మధ్య ‘ది డబుల్’ మళ్లీ చదివాను. ఈసారి నా చూపు గొల్యాద్కిన్ మీద నిలవలేదు. చుట్టూ తల వంచుకుని కాగితాలు చూసుకుంటున్న తోటి ఉద్యోగుల దగ్గరే ఆగిపోయింది.