"మేమే సంతకం పెట్టాం కదండీ": బడిలో బెత్తంపై అపోహలు - వాస్తవాలు

బడి దెబ్బల కేసులు చూసే లాయర్‌గా నాకు విసుగెత్తించిన మాట ఇది: "అడ్మిషనప్పుడు, కొట్టినా ఫర్వాలేదని మేమే సంతకం పెట్టాం, ఇప్పుడు ఏ మొహంతో అడుగుతాం?"

అపోహ: తల్లిదండ్రులు ఒప్పుకుంటే కొట్టొచ్చు.

వాస్తవం: కొట్టకూడదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. అమ్మానాన్నలు సరేనంటే ఫర్వాలేదని అందులో ఎక్కడా లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే విద్యా నియమాలు మార్చి బెత్తాన్ని తీసేశారు. యాజమాన్యాలు పాత ఐపీసీ 89 (ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్ 27) చూపిస్తాయి. సంరక్షకుల సమ్మతితో పిల్లల మేలు కోసం చేసింది నేరం కాదనే ఆ సెక్షన్ 12 ఏళ్లలోపు వాళ్లకే. అదీ క్రిమినల్ కేసులో వాదనకే తప్ప, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద శాఖాపరమైన చర్యను ఆపదు.

ఒకావిడ ఎనిమిదో తరగతి కొడుకుని వెంటబెట్టుకొచ్చింది. "కళ్లు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి సార్ అని నేనే అన్నా" అని ఒకటే ఏడుపు. ఏమనగలం, ఊళ్లో సగంమంది అనేదే! కానీ ఆ మొహమాటంతోనే వారం ఆగింది. పిక్కల మీద వాతలు దాదాపు మానిపోయాయి, రుజువూ వాటితోనే పోయింది. అదే రోజు ఫొటోలు తీయండి, ప్రభుత్వాసుపత్రిలో చూపించి చీటీ దాచుకోండి, మండల విద్యాధికారికి (ఎంఈఓ) కాగితం మీద ఫిర్యాదిచ్చి రసీదు తీసుకోండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు.

"దండం దశగుణం భవేత్" అంటారా? ఆ శ్లోకం కుక్కలకీ పాములకీ బురదకీ చీకటికీ ముసలితనానికీ కర్ర కావాలంటుంది. పిల్లల ఊసే లేదు.

బెత్తం తెల్లవాడు తెచ్చాడన్నదీ నిజం కాదు. శిష్యుణ్ని తాడుతోనో వెదురుబద్దతోనో వీపు మీద కొట్టొచ్చని మనుస్మృతే చెప్పింది; వీధిబడుల్లో పిల్లల్ని దూలానికి కట్టిన తాడుకి వేలాడదీసే కోదండం వేసేవాళ్లు. తెల్లవాడు 1864లో నేరాలకు దెబ్బల శిక్ష చట్టం చేస్తే, మన పార్లమెంటు 1955లో ఆ శిక్షనే ఎత్తేసింది. కోర్టు దొంగని కొట్టించడానికి వీల్లేదు, హోంవర్కు చేయనివాణ్ని మాత్రం కొట్టాలట! ఇంగ్లండ్ ప్రభుత్వ బడుల్లోనే 1987లో ఆపేశారు.

గోడకుర్చీ, గుంజీలు? అవీ శిక్షలే.

ఇక టీసీ భయం. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడినుంచి వెళ్లగొట్టడానికి వీల్లేదు. టీసీ ఇచ్చేస్తామని బెదిరిస్తే, ఆ బెదిరింపునీ ఫిర్యాదులో రాయండి.